పడవ నూనె పూసిన పెట్టె

నా కళ్ళకి గంతలు కట్టి, ముక్కు దగ్గర ఒక ఎండుచేప పెట్టండి. అది భావనపాడు రేవులో ఎండిందో, బారువ ఇసుక మీద ఎండిందో చెప్పేస్తాను. ఎండబెట్టిన మనిషి ఆ పూట మొగుడితో దెబ్బలాడిందో లేదో కూడా చెప్పేస్తాను. ఈ విద్యలో నన్ను ఓడించే ముక్కు సోంపేట నుంచి టెక్కలి దాకా ఇంకా పుట్టలేదు. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, మన హిమజ కష్టాలన్నీ ముక్కు దగ్గరే మొదలయ్యాయి.

పోయిన వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. హిమజ మంచినీళ్ళపేట తవిటయ్య కూతురు. సముద్రం మీద బతికే ఇల్లు. పేరులో మంచు ఉంది గానీ, రేవులో చేపల మీద చల్లే ఐసు తప్ప ఆ పిల్ల మంచు ఎరగదు. నందిగాం దాటాక కొండవార కొత్తగా లేచిన మహేంద్రతనయ యూనివర్సిటీలో బీయస్సీ సీటు తెచ్చుకుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. సోమవారం నాడు హాస్టల్లో దిగింది. బుధవారానికి అదే గదిలో ఉన్న ప్రమోదిని చేతికి బొబ్బలు లేచాయి. ఆ సాయంత్రానికి పక్కగదిలో ఇద్దరికి లేచాయి. గురువారానికి హాస్టలంతా ఒకటే మాట: ఆ చేపలమ్మాయికి ఏదో అంటురోగం ఉంది. శుక్రవారం ఆమె మంచాన్ని వరండాలోకి లాగించారు, ఆమె తినే కంచానికి ఎర్ర రంగుతో చుక్క పెట్టారు. సాయంత్రం వార్డెన్ మాధవీలత మేడమ్ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. 'రేపు ఉదయం పది గంటలకు ఆఫీసు గదికి రావలెను.' అక్కడ ఆపాం.

శనివారం తెల్లవారింది. హిమజ బకెట్టు పట్టుకుని స్నానాల గదుల దగ్గరికి వెళ్ళింది. ఆ అంతస్తులో నలభై మందికి మూడు గదులు. మొదటిదానికి గడియ లేదు. రెండోదానికి నీళ్ళు లేవు. మూడోదానికి రెండూ ఉన్నాయి గానీ, నీళ్ళు పోయే జాలీ మీద నెల రోజుల వెంట్రుకలు ఉండ కట్టి, ఆ ఉండలో ఎవరో వదిలేసిన సబ్బుముక్క నానిపోయి, మొత్తం తడిసిన పిల్లి ముడుచుకు పడుకున్నట్టుంది. ఆ ఉండ అప్పుడప్పుడూ దగ్గుతుందని సీనియర్లు కొత్తపిల్లల్ని భయపెట్టేవాళ్ళు. దగ్గడమేమిటి, ఆ సీనియర్లలో ఒకామె దానికి పేరు పెట్టి పుట్టినరోజు కూడా చేసిందని వినికిడి.

రేవులో పుట్టిన పిల్లకి కంపు కొత్త కాదు. చేపపొట్ట చీరి పేగులు లాగిన చేతులవి. కానీ ఆ కంపు పనిలోంచి వచ్చే కంపు. పని అయ్యాక సముద్రం దగ్గరికి వెళ్ళి కడుక్కుంటే పోతుంది. ఈ కంపుకి యజమాని లేడు. ప్రతి ఒక్కరూ 'నాది కాదు' అని వదిలేసిన కంపు.

అంతకంటే రోత ఇంకోటి ఉంది. ఆమె రాగానే వరుసలో ముందున్న ఆరుగురూ పక్కకి తప్పుకున్నారు. చివర నిలబడాల్సిన పిల్ల ఒక్క అడుగు కూడా వెయ్యకుండా మొదటి స్థానానికి వచ్చేసింది. కలెక్టరు వచ్చినా అంత దారి ఇవ్వరు. ఒకమ్మాయి తన బకెట్టు ఎత్తి గుండెకి హత్తుకుంది, చంటిపిల్లని కుక్క దగ్గర్నుంచి కాపాడుకున్నట్టు.

హిమజ లోపలికి వెళ్ళి, నీళ్ళు పోసుకుని, చేతులకేసి చూసుకుంది. గోళ్ళ చుట్టూ నల్లటి మరకలు, వేళ్ళ మీద పొరలు లేచిన చర్మం. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ తల్లి రత్నాలమ్మతో పాటు పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టిన చేతులు. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ అవే. ఎవరూ పట్టించుకోరు. ఇక్కడికొచ్చాక మూడు రోజులు అందరూ వాటినే చూసేసరికి, గురువారం నాడు తనే వాటిని వాసన చూసుకుంది. అంతటితో ఊరుకోలేదు, మూలనున్న ఫినాయిలు సీసా తీసి, మండిపోయేదాకా తోముకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు జాలీ మీది ఉండకంటే తన మీద తనకే ఎక్కువ రోత పుట్టింది.

తరవాత మెస్సు. ఉప్మా. గరిట గుచ్చి ఎత్తితే గంగాళంలో ఉప్మా మొత్తం గరిటతో పాటు లేచి, కిందనున్న గంగాళాన్ని కూడా ఓ రెండంగుళాలు లేపుతుంది. వడ్డించే పాపారావు ఎడమ చేత్తో మెడ గోక్కుని, అదే చెయ్యి చట్నీ బకెట్టు అంచున వేసి, కుడి చేత్తో గరిట ఎత్తాడు. హిమజ కంచం పట్టేసరికి జానెడు ఎత్తునుంచే ఉప్మా జారవిడిచాడు.

"దూరంగుండు పిల్లా, గరిట తగిలీగలదు."

"నా కంచం కరవదు మావా."

"కరవదని నాకేటి నమ్మకం? ఎర్రబొట్టెట్టినారు దానికి. బొట్టెట్టినవన్నీ బుద్ధిగుంతాయేటి?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. చట్నీలో ఒక ఈగ కాళ్ళు పైకెత్తి తేలుతోంది. హిమజ దాన్ని చూపించింది.

"ఈగే గదా," అన్నాడు పాపారావు. "దానికి రోగం లేదులే."

ఆమె కంచం అక్కడే పెట్టేసి వచ్చేసింది. ఈగ పడినా ఫరవాలేదు గానీ, తన కంచం గరిటకి తగిలితే ముప్పన్నమాట. వచ్చేటప్పుడు కింద పరిచిన టార్పాలిన్ చెప్పుకి అతుక్కుని చప్పుడు చేసింది. ఆ జిగట ఏ పూటదో, ఏ కూరదో.

బట్టలు మార్చుకోవడానికి పాత గదిలోకి వెళ్ళింది. మంచం లాగేశారు గానీ పెట్టె మాత్రం గదిలోనే మిగిలింది. ముట్టుకుంటే అంటుకుంటుందని మోసేవాళ్ళు నిరాకరించారట. చెక్కపెట్టె, పైన సముద్రపు నీలం రంగు. హిమజ కొబ్బరినూనె సీసా తీసి చేతులకి రాసుకుని, మూత ఎత్తి, ఇస్త్రీ చున్నీ తీసుకుంది. పెట్టె తెరిచే ముందు చేతికి నూనె రాసుకోవడం పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు ఆమెకి. ఆలోచించి చేసే పని కాదు.

గదిలో ఇంకో మనిషి సుధారాణి. నందిగాం రైతు బిడ్డ. రోగమంటే భయం, అంతకంటే మంచితనం ఎక్కువ. ఈ రెండింటి మధ్య నలిగి, మూడు రోజులుగా ఆమె గోడకి తిరిగి మాట్లాడుతోంది.

"హిమజా, మేడం ఏదో కాయితం రాయించినారంట. సంతకం ఎట్టెయ్యకు, సదువుకుని ఎట్టు."

"గోడకి సెప్తన్నావా, నాకు సెప్తన్నావా?"

"నీకే. మొకం సూత్తే భయమేత్తాది."

"నాలుగు రాత్రిళ్ళు నా పక్కమంచం మీదే పడుకున్నావు కదే. నీకేటైనా వచ్చిందేటి?"

సుధారాణి తన చేతులు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది. శుభ్రంగా ఉన్నాయి. "రాలేదు," అంది, తనకే ఆశ్చర్యంగా.

సోమవారం సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ రోజు హిమజ మొదటిసారి ఈ పెట్టె తెరిచినప్పుడు, పైన ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం, దాని కింద రెండు కిలోల జీడిపప్పు పొట్లం ఉన్నాయి. జీడిపప్పు రత్నాలమ్మ ఏరి ఏరి కట్టిన తెల్లటి గుండుపప్పు. నెత్తళ్ళ వాసన గదిలోకి రాగానే ప్రమోదిని మంచం మీద నుంచి ఎగిరి గుమ్మంలో పడింది. పలాసలో జీడిపప్పు వ్యాపారి కూతురు.

"ఓలమ్మో! ఏటే ఈ స్మెల్లు? ఏటైనా సచ్చిందేటి లోపల?"

"నెత్తళ్ళు. ఎండినవి."

"సచ్చినవే కదా మరి!" అని సెంటు సీసా తీసి గది నాలుగు మూలలా, ఆఖరికి హిమజ వీపు మీద కూడా కొట్టింది. అప్పట్నుంచి ముక్కుకి చున్నీ కట్టుకునే తిరిగింది.

(ముక్కు ప్రస్తావన వచ్చింది గనక చెప్పేస్తున్నాను. మొదట్లో నేను కొట్టుకున్న డప్పు నమ్మకండి. ఒకసారి సుమ్మాదేవి స్టేషన్లో ప్యాసింజరు కోసం కూర్చుని, పక్కనున్న సంచి వాసన చూసి, పదిమంది ముందు 'బారువ నెత్తళ్ళు, రెండు వారాల సరుకు' అని తేల్చి చెప్పాను. సంచి విప్పితే అందులో ఉన్నవి గ్యాంగ్‌మన్ తడిసిన మేజోళ్ళు. రెండు వారాలవన్న మాట మాత్రం నిజమేనని అతను ఒప్పుకున్నాడు.)

పదింటికి హిమజ ఆఫీసు గదిలోకి అడుగు పెట్టింది. పెట్టగానే "అక్కడే!" అన్న కేక వినిపించింది. నేల మీద చాక్‌పీసుతో గీత గీసి ఉంది. బల్లకి నాలుగడుగుల దూరంలో. గీత అవతల మాధవీలత మేడమ్. బల్ల మీద శానిటైజరు సీసా, అగరొత్తుల కట్ట, ఒక టైపు కొట్టిన కాగితం. మేడమ్ కుడి చేతికి పసుప్పచ్చ చేతిరుమాలు చుట్టి ఉంది. రోగులున్న చోట ఏదీ ముట్టకూడదన్న జాగ్రత్త కాబోలు అనుకుంది హిమజ. గోడవార ప్రమోదిని, పక్కగది పిల్లలిద్దరూ, తలుపు దగ్గర సుధారాణి.

"చూడమ్మా," అంది మేడమ్, గొంతు నిండా పంచదార పోసుకుని. "నీ మీద ఎవరికీ కోపం లేదు. నీ మంచికోసమే. ఈ కాగితం మీద సంతకం పెట్టు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండి, వైద్యం చేయించుకుని, తగ్గాక రావచ్చు."

సుధారాణి గోడకి చెప్పిన మాట గుర్తుంచుకుని హిమజ కాగితం అందుకుని చదివింది. 'అనారోగ్య కారణముల వలన నేను స్వచ్ఛందంగా హాస్టలు విడిచి వెళ్ళుచున్నాను.' ఇరవై రోజులు.

"మేడమ్, మొదటి పదిహేను రోజుల్లో వరసగా వారం రోజులు తరగతికి రాకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి వెళ్ళిపోతుందని నోటీసు బోర్డు మీద ఉంది."

"అవన్నీ ఆఫీసువాళ్ళు చూసుకుంటారు."

"ఏటి చూసుకుంటారు? నా సీటు ఎవరికివ్వాలో చూసుకుంటారా?"

పంచదార కరిగిపోయింది. "నోరు! మీ ఉద్దానం వైపు రోగాల సంగతి లోకమంతా ఎరుగును. అక్కడి నీళ్ళు తాగి, అక్కడి రోగం మోసుకొచ్చి, మంచి కుటుంబాల పిల్లలకి అంటిస్తావా?"

హిమజ చెవులు వేడెక్కాయి. ఆమె పెదనాన్న ఆ నీళ్ళ ఊళ్ళోనే, ఆ జబ్బుతోనే, వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్ళి సూదులు గుచ్చించుకుని వచ్చేవాడు. చివరి రోజు దాకా ఇంటిల్లిపాదీ ఆయనతో ఒకే కంచంలో తిన్నారు.

"అది కిడ్నీల జబ్బు మేడమ్. చేతులకి రాదు. పక్కవాళ్ళకి అంటదు. ఆ మాత్రం మాకు తెలుసు, మీకు తెల్దా?"

"తెలియనిది నీకు. ప్రమోదినీ, ఇలా రా. నీ చెయ్యి చూపించు ఈ పిల్లకి. తను చేసిన పని తనే చూస్తుంది."

ప్రమోదిని వచ్చి కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. ముక్కుకి చున్నీ అలాగే ఉంది. హిమజ గీత మీదికి వంగింది. మూడు రోజులుగా ఈ బొబ్బల గురించి వినడమే గానీ చూసింది లేదు. చూడనిచ్చేంత దగ్గరికి ఎవరు రానిచ్చారు గనక?

ముందు మనసు వికలమయింది. వేళ్ళ కొసలు ఉబ్బి, పసుపు నీళ్ళు నిండిన బుడగలు, ఒకటి చిట్లి రసి కారుతోంది. కానీ ప్రతి బుడగ మధ్యలో నల్లటి మచ్చ ఒకటి ఉంది, నిప్పు అంటి ఆరినట్టు. ఆ మచ్చ హిమజకి తెలుసు. జీడిపిక్కల పనికి కొత్తగా వచ్చినవాళ్ళ చేతుల మీద మొదటి వారం తేలే మచ్చ అది.

ఇంకో సంగతి చూసింది. బొబ్బలు నాలుగు వేళ్ళకే ఉన్నాయి. అదీ వేళ్ళ కొసల కిందివైపే. బొటనవేలు నున్నగా, గులాబి రంగు గోళ్ళరంగుతో, నిక్షేపంలా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కళ్ళముందు తిరిగింది. తవిటయ్య పాత పడవ పలకలతో తనే పెట్టె చేశాడు. పైన నీలం రంగు వేశాడు. చెద పట్టకుండా, చెమ్మ పట్టకుండా మూత అంచు లోపల మాత్రం పడవకి పూసే నూనె పూశాడు. జీడిపిక్కల తొక్కులోంచి తీసే నల్లటి నూనె. పచ్చిగా ఉన్నప్పుడు తగిలితే చర్మం కాలిపోతుంది. పడవకైతే నాలుగు మంచి ఎండలు చూపించాకే ముట్టుకుంటారు. పెట్టెకి ఒక్క ఎండా తగల్లేదు. ఆదివారమంతా ముసురు.

"మూడు పూతలేసినాను తల్లీ," అన్నాడు తవిటయ్య మర్నాడు బస్సు దగ్గర. "అంచు ఇంకా ఆర్లేదు. నువ్వు తీసినప్పుడల్లా సేతికి కొబ్బరినూని రాసుకో. పదిదినాలకి ఆరిపోతాది."

"తాళమేదీ, నాన్నా?"

"పడవకి తాళమేత్తామేటే?" అని నవ్వాడు.

నిజమే, రేవులో పడవకి ఎవరూ తాళం వెయ్యరు. కొత్త నూనె పూసిన పడవని ముట్టే ముందు అయిదేళ్ళ పిల్లాడు కూడా చేతికి నూనె రాసుకుంటాడు. యజమాని ఉండగా తప్ప పరాయివాడు ముట్టనే ముట్టడు. మంచినీళ్ళపేట మొత్తం మీద ఈ ఒక్క పొరపాటు తవిటయ్యా, కూతురూ కలిసి చేశారు: హాస్టలు కూడా రేవు లాంటిదే అనుకున్నారు. తన పెట్టె తను లేనప్పుడు ఇంకొకరు తెరుస్తారన్న ఆలోచన ఈ వారం రోజుల్లో ఒక్కసారి కూడా హిమజకి రాలేదు.

ఆమె తల ఎత్తింది.

"ప్రమోదినీ, నీ బొటనవేలికి రోగం ఎందుకు రాలేదే?"

"ఏటీ?"

"పెట్టె మూత ఎలా ఎత్తుతావో ఈ బల్ల అంచు మీద చూపించు. నాలుగు వేళ్ళు కిందకి పోతాయి. బొటనవేలు పైనుంటాది. నా పెట్టె మూత కింద పడవ నూనె ఉంది. అది జీడినూనె. అంటురోగం కాదు, ఏటీ కాదు. ఎవరు మూత ఎత్తితే వాళ్ళకే అంటుకుంటాది."

పక్కగది పిల్లలిద్దరూ చేతులు వీపు వెనక్కి పెట్టుకున్నారు. ఒకేసారి, డ్రిల్లు మాస్టారు చెప్పినట్టు.

తలుపు దగ్గర్నుంచి సుధారాణి ముందుకొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి గోడని వదిలి మనుషులకేసి తిరిగింది. "నాను ఆ పెట్టి ముట్టలేదు మేడం. సూడండి నా సేతులు. దాని పక్కన పడుకున్నదాన్ని నానే. అంటితే ముందు నాకంటాల."

ప్రమోదిని ముక్కు మీది చున్నీ జారిపోయింది. "కొంచెం పప్పు... తిన్నాం అంతే."

"కొంచెమంటే?"

"రోజూ."

"మీ ఇంట్లో బస్తాలు బస్తాలుంటాది కదే జీడిపప్పు!"

"ఇంట్లో ఉన్నది ఎవరు తింటారు?" అంది ప్రమోదిని, ఏడుపు గొంతుతో.

హిమజకి నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో పప్పు తిన్నారు. నెత్తళ్ళ పొట్లం పక్కకి జరిపి, దాని కిందనున్న పొట్లం విప్పి, తిని, మళ్ళీ అమ్మ కట్టిన ముడిలాగే ముడి వేసి, మూత మూసి, బయటికొచ్చి 'ఛీ, ఏం వాసన' అన్నారు. వాళ్ళకి కంపు కొట్టింది చేపలు కాదు, చేపల పిల్ల. తను వాళ్ళ మాట నమ్మి ఫినాయిలుతో చేతులు తోముకుంది. అరచేతుల మంట ఇంకా తగ్గలేదు.

"బాగుంది," అంది మేడమ్ మెల్లగా. పంచదారా లేదు, కేకా లేదు. ఈ గొంతు హిమజ ఇంతవరకూ వినలేదు. "చాలా బాగుంది. అయితే ఇది రోగం కాదు. విషం. విషం పూసిన పెట్టె తెచ్చి, తాళం లేకుండా ఆడపిల్లల మధ్య పెట్టావన్నమాట. రోగమైతే ఇంటికి పంపేదాన్ని. విషమైతే ఎక్కడికి పంపాలో తెలుసా?"

"మా నాన్న చెదలకి పూశాడు. మనుషులకి కాదు."

"మీ నాన్ననే అడుగుదాం. పొద్దున్నే ఫోన్ చేసి పిలిపించాను. గేటు దగ్గరుంటాడు ఈపాటికి. నిన్ను తీసుకెళ్ళడానికొచ్చిన తండ్రిగా లోపలికి రమ్మనమంటావా, పిల్లలకి విషం పెట్టిన మనిషిగా పోలీసుల్ని పిలవమంటావా? నీ ఇష్టం. సంతకం పెడితే నేనేమీ వినలేదు, ఎవరూ ఏమీ తినలేదు."

కాగితమూ కలమూ గీత దాకా జరిగి వచ్చాయి. ఎడమ చేత్తో జరిపింది మేడమ్.

హిమజ కలం అందుకుంది. తవిటయ్య జన్మలో ఒక్కసారి పోలీసు స్టేషనుకి వెళ్ళాడు, తుపానులో పోయిన తమ్ముడి పడవ గురించి రాయించడానికి. ఆ రోజు నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చోబెట్టి, పేరు కూడా అడగకుండా పంపేశారు. ఆయన్ని మళ్ళీ అక్కడికి పంపడమా? సంతకం ఎంతసేపు? మూడక్షరాలు. ఇంటికెళ్ళిపోతే రేపట్నుంచి రేవు, తట్ట, అమ్మతో పలాస బస్సు. సీటు ఇంకొకరిది. పైగా 'రోగం వచ్చి తిరిగొచ్చిన పిల్ల' అన్న పేరు తనది, ఊళ్ళో ఉన్నంతకాలం.

కలం కాగితం మీద ఆనింది. ఆగింది.

ఎడమ చెయ్యి. సోమవారం నాడు ఇదే బల్ల దగ్గర తన అడ్మిషన్ కాగితం మీద మేడమ్ సంతకం పెట్టింది కుడి చేత్తోనే. గుండ్రంగా, తోక తిప్పి. మంగళవారం తామంతా తరగతికి వెళ్ళినప్పుడు గదులు తనిఖీ చేశామని బోర్డు మీద రాశారు. పొద్దున చున్నీ తీస్తుంటే పప్పు పొట్లం చేతికి తేలిగ్గా తగిలిన సంగతి ఇప్పుడు లెక్కకొచ్చింది. రెండు కిలోల పప్పు మూడు రోజుల్లో అడుగంటింది. ముగ్గురు ఆడపిల్లలు ఎంత తింటారు?

హిమజ కాగితాన్ని వెనక్కి తిప్పింది. తెల్లటి వైపు గుండ్రటి అక్షరాలతో పైన ఒక వరస రాసింది: 'హిమజ లేనప్పుడు ఆమె పెట్టె తెరిచినవాళ్ళు.' దాని కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసింది. గీత దాటింది. నడిచి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏయ్! వెనక్కి! గీత వెనక్కి!"

"రోగం కాదని మీరే అన్నారు కదా మేడమ్. ఇంక గీత ఎందుకు? ప్రమోదినీ, రాయి."

ప్రమోదిని మేడమ్ కేసి చూసింది, తన వేళ్ళకేసి చూసుకుంది. ఆ ఉబ్బిన వేళ్ళతో పట్టుకోబోతే కలం రెండుసార్లు జారింది. మూడోసారి, ఏడుస్తూనే, రెండో అంకె దగ్గర తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా. పక్కగది పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి మూడూ, నాలుగూ నింపారు. ఒకటి మాత్రం ఎవరూ ముట్టలేదు. ఎవరూ చెప్పలేదు గానీ, అది ఖాళీగా ఎందుకుందో గదిలో అందరికీ అర్థమైపోయింది.

"మొదటి పేరు మీరు రాయాల మేడమ్," అంది హిమజ.

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టలేదు. ఆ రుమాలు విప్పండి. బొటనవేలు బాగుండి, మిగతా నాలుగూ బాగోలేకపోతే రాయండి. నాలుగూ బాగుంటే ఇటు తిప్పి నా సంతకం నేనే పెట్టేసి ఎల్లిపోతాను. మా నాన్నని మీ ఇష్టమొచ్చిన చోటికి పంపండి."

మేడమ్ కుడి చెయ్యి బల్ల కిందికి జారబోయింది. సుధారాణి ఒక్క అడుగు ముందుకేసింది, ప్రమోదిని కూడా. అయిదుగురు ఆడపిల్లలూ బల్ల చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ముక్కు మూసుకోలేదు. మేడమ్ నుదుటి మీద చెమట బొట్టు ఒకటి జారి, కనుబొమ్మ దగ్గర ఆగి, ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక అక్కడే నిలబడింది.

వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. వెంటనే ఆఫీసు గుమ్మంలోంచి, రేవు అంతటికీ వినబడేలా మాట్లాడే అలవాటున్న గొంతు:

"తల్లీ! ఏటైనాదే? మేడంగారు రమ్మన్నారు! పెట్టి ఆరిందా, ఆర్లేదా?"

మేడమ్ ఎడమ చెయ్యి కలం దగ్గరికి కదిలింది. కాగితం ఏ వైపు తిప్పుతుందోనని అయిదుగురూ ఊపిరి బిగబట్టారు.

వచ్చే వారం దాకా అబద్ధం మోయలేను గనక ఒక్కటి ఒప్పేసుకుంటాను. ఆ పసుప్పచ్చ చేతిరుమాలు నా కల్పన. మీరు కాస్త ఊపిరి బిగబట్టాలని నేనే కట్టాను. మాధవీలత మేడమ్ చేతికి అసలు ఏ గుడ్డా లేదు. బుధవారం నుంచి ఆ నాలుగు వేళ్ళూ బొబ్బలతో, నల్లమచ్చలతో, హాజరు పుస్తకం మీదా, గడపల మీదా, అందరి కళ్ళముందూ తిరుగుతూనే ఉన్నాయి. హాస్టల్లో నూటయిరవై మంది. ఒక్కరూ చూడలేదు. అందరూ హిమజ చేతులే చూస్తున్నారు.